మూడు సాయంత్రాలు అడిగి తీసుకో

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. నాకు 31 ఏళ్లు. మాది నరసరావుపేట దగ్గర ఊరు. డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) చేశాను. ప్రైవేటు స్కూల్లో నాలుగు, అయిదు తరగతులకు లెక్కలు చెబుతాను. నెలకు పదకొండు వేలు. మా వారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తారు. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. రోజూ సాయంత్రం డాబా మీద ఎనిమిది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఆ మూడు వేలు చీటీకి పోతాయి. 2025 మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష) ఎస్‌జీటీకి, అంటే ప్రాథమిక బడి టీచర్ పోస్టుకి రాశాను, రాలేదు. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 150కి 88 వచ్చాయి. లెక్కలు 24, తెలుగు 20, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) 18, సైకాలజీ 14, ఇంగ్లిష్ 12. ఈసారి ఎలాగైనా కొట్టాలని పొద్దున నాలుగు నుంచి ఆరు, రాత్రి పది నుంచి పన్నెండు అని టైంటేబుల్ వేసుకున్నాను. ఇది ఆరోది. ఏదీ తొమ్మిది రోజులు దాటలేదు. పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. మూడ్ బాగుండాలని లెక్కలతో మొదలుపెడతాను, ఇంతలో ఎవరో ఒకరు పిలుస్తారు. రాత్రి ఫోన్‌లో క్లాసులు చూస్తూ చూస్తూ ఎక్కడికో వెళ్లిపోతాను. మా వారి పెదనాన్న కూతురు అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ హాస్టల్లో ఉండి రోజుకు పద్నాలుగు గంటలు చదువుతోంది. నాకు పట్టుదల లేదంటారా? టైం మేనేజ్‌మెంట్ ఎలా చేసుకోవాలో చెప్పండి. పేరు వెయ్యకండి.

జవాబు: మా అమ్మాయి నీకంటే రెండేళ్లు పెద్దది. అందుకని నువ్వనే రాస్తాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి, పక్కనే కాగితం పెట్టుకుని లెక్క కట్టాను. వారానికి 168 గంటలు. పొద్దున ఎనిమిదికి స్కూలు బస్సెక్కి సాయంత్రం అయిదుంబావుకి దిగుతావనుకుంటే, ఆరు రోజులకు 55 గంటల పైమాటే. రోజుకు ఆరు గంటల నిద్ర వేశాను, అది 42. వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల్ని తయారుచెయ్యడం, రాత్రి మళ్లీ వంట, బాబు హోంవర్కు కలిపి మామూలు రోజు దాదాపు ఆరు గంటలు, ఆదివారం తొమ్మిది. అది 44. ట్యూషన్ ఆరు. స్నానం, తిండి, జడ వేసుకోవడం, దీపం పెట్టడం ఏడు. ఇంటికి తెచ్చుకునే కరెక్షన్ కట్టలు నాలుగు. అన్నీ పోగా మిగిలింది పది గంటలు. ఆ పదిలోనే చుట్టాలు రావాలి, పాపకి జ్వరం రావాలి, నువ్వు కాసేపు ఊరికే గోడకానుకుని కూర్చోవాలి.

నీ టైంటేబుల్ అడుగుతున్నదేమో వారానికి 28 గంటలు. సోలలో కుంచెడు గింజలు పొయ్యబోతే కింద పోక ఏమవుతాయి? దానికి నీ పట్టుదలను తిట్టుకుంటున్నావు. ఉన్నది పది, కావాల్సింది ఇరవై ఎనిమిది. తక్కువైన పద్దెనిమిదిలో పద్నాలుగు నువ్వు నిద్రలోంచే కోశావు. రాత్రి పన్నెండుకి పడుకుని నాలుగింటికి లేచి, తరగతి గదుల్లో నిలబడి గొంతు చించుకుని, తొమ్మిది రోజులు నడిపావంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. నేనైతే నాలుగో రోజుకే మానేసేదాన్ని. మానేశాను కూడా.

మా రోజుల్లో డీఎడ్‌ను టీటీసీ అనేవాళ్లం. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని డీఎస్సీకి చదివాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గడులు గీసి, సోషల్‌కి ఎరుపు, సైన్స్‌కి ఆకుపచ్చ వేసి, గోడకి అంటించాను. చాలా అందంగా ఉండేది. ఇంటికొచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ కాగితం మీద ఎక్కడా పాలు కాచడం లేదు, పిల్లకి నీళ్లు పొయ్యడం లేదు. అంటే నేను వేసుకున్నది నా టైంటేబుల్ కాదు, పెళ్లికాని మా తమ్ముడిది. నీ దగ్గరున్నది ఆ అవనిగడ్డ అమ్మాయిది. ఆమెకు మెస్సులో అన్నం పెడతారు. పక్క మంచం పిల్ల కూడా చదువుతూనే ఉంటుంది. ఆమె పద్నాలుగు గంటలు చదివితే మంచిదే, సంతోషించు. నీతో పోల్చుకోకు.

తెల్లవారుజామున చదివితే బాగా వంటబడుతుందని అందరూ చెబుతారు. చెప్పేవాళ్లలో ఎక్కువమందికి ఆ వేళ కాఫీ వేరేవాళ్లు కలిపిస్తారు. నువ్వు నాలుగింటికి లేవడం మానెయ్. రాత్రి పదిన్నరకల్లా పడుకో. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే, దాన్ని కోసుకుంటే చదివిన రెండు గంటలు కూడా నిలవవు.

మరి గంటలు ఎక్కడినుంచి తేవాలంటావా? ఇంట్లోవాళ్ల దగ్గర అడిగి తీసుకోవాలి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిద్ర తగ్గించావు, అన్నం గబగబా తింటున్నావు, పుట్టింటికి వెళ్లడం తగ్గించానని చివర్లో కూడా రాశావు (ఉత్తరం పెద్దదని ఇలాంటి కొన్ని ముక్కలు ఇక్కడ వెయ్యలేదు). ఇంట్లో ఒక్కరినైనా ఒక్క పనైనా చెయ్యమని అడిగినట్టు ఎక్కడా లేదు. నీ చదువు ఖర్చంతా నువ్వొక్కదానివే భరిస్తున్నావు. రేపు ఉద్యోగం వస్తే జీతం మాత్రం ఇంటిల్లిపాదిదీ.

అడగడంలో ఒక కిటుకుంది. "నేను చదువుకోవాలండీ, కాస్త సాయం చెయ్యండి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ చెయ్యరు. ఏం చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో అందులో లేదు మరి. "మంగళ, గురు, శని వారాలు సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా నేను డాబా మీద ఉంటాను. ఆ గంటన్నర పిల్లలకు అన్నం పెట్టడం, బాబు చేత హోంవర్కు చేయించడం మీది. తొమ్మిదికి దిగొచ్చి గిన్నెలు నేను చూసుకుంటాను" అని చెప్పు. రోజులు చెప్పు, గంట చెప్పు, పని పేరు చెప్పు. లెక్కలు రాసే మనిషి కదా మీ ఆయన, పద్దు కనిపిస్తే ఒప్పుకుంటాడు. పైన నేను కట్టిన 168 గంటల లెక్క నువ్వే ఒక వారం గమనించి, నిజం అంకెలతో తిరగరాసి ఆయన ముందు పెట్టు. పోట్లాటగా వద్దు. ఇంటి ఖర్చుల పుస్తకం చూపించినట్టు చూపించు.

మీ అత్తగారి విషయం. "ఎప్పుడూ పుస్తకమేనా" అంటారని రాశావు. ఎప్పుడూ పుస్తకమే అయితే ఆవిడకూ విసుగేగా. ఎప్పుడు పడితే అప్పుడు, చేతిలో గరిటె, చంకలో గైడు పెట్టుకుని తిరిగే కోడలికంటే ఫలానా వేళ పైకెళ్లి ఫలానా వేళకు దిగొచ్చే కోడలే ఇంటికి సుఖం. ఏడున్నరకు ఆవిడ సీరియల్ ముందు కూర్చుంటారన్నావు. పాప ఎటూ ఆవిడ ఒళ్లోనే ఉంటుంది. నువ్వు కొత్తగా అడిగేదల్లా ఆ వేళ నిన్ను కిందకి పిలవొద్దని. మొదటి వారం పిలుస్తారు. ఉప్పు డబ్బా ఎక్కడుందని కూడా పిలుస్తారు. పైనుంచే జవాబు చెప్పు, దిగకు. మా ఆయన మొదటిసారి పొయ్యి దగ్గర నిలబడ్డ రాత్రి పప్పు మాడింది. నేను లేచి వెళ్లలేదు. ఆ మాడు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంటే పుస్తకం ముందు కూర్చోవడం డీఎస్సీ కంటే పెద్ద పరీక్ష. ఆ పప్పే తిన్నాం. రెండో వారానికి పప్పు కుదిరింది.

ఒక చిక్కు ముందే చెబుతాను. ఫిబ్రవరి నుంచి మిర్చి సీజను. కోల్డ్ స్టోరేజీల ముందు లారీలు బారులు తీరితే మీ ఆయన ఏ రాత్రికి ఇల్లు చేరతాడో ఆయనకే తెలియదు. అప్పుడు ఈ ఒప్పందం నడవదు. "చూశావా, మాటిచ్చి తప్పాడు" అనుకుని మొత్తం వదిలెయ్యకు. సీజను మూడు నెలలూ సాయంత్రాలు ఒకటికి తగ్గించి, ఆదివారాన్ని పెంచుకో.

ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నాలుగు గంటలు ఇంట్లో ఉండకు. ఊళ్లో గ్రంథాలయం ఆదివారం తీస్తారేమో కనుక్కో. లేకపోతే మీ బడిలోనే ఒక గది అడుగు. ఇంట్లో ఉంటే ఆదివారం చికెన్ కడగడం దగ్గర మొదలై పుస్తకం తెరిచేసరికి సాయంత్రం అవుతుంది. ఆ వంట మీ అత్తగారూ ఆయనా కలిసి చేసుకోలేనిదేం కాదు.

మూడు సాయంత్రాలు నాలుగున్నర, ఆదివారం నాలుగు, స్కూలు బస్సులో రానూపోనూ రోజుకు నలభై నిమిషాల చొప్పున నాలుగు. పన్నెండున్నర. పండగలకీ జ్వరాలకీ రెండు వారాలు తీసేసినా ఏడాదికి ఆరు వందల గంటలు దాటుతుంది. కళ్లు మూతలు పడకుండా, ఎవరూ పిలవకుండా దొరికే గంటలివి.

ట్యూషన్ సంగతి నేను తేల్చను. నెలకు పాతిక గంటలు, మూడు వేలు. చీటీ ఇంకా ఎన్ని నెలలుందో నాకు తెలియదు. నా మాటైతే, నోటిఫికేషన్ వచ్చాక ఆ కొద్ది నెలలూ ఆపు, అప్పటిదాకా నడుపుకో. ఎనిమిది మంది పిల్లలకు భిన్నాలు చెప్పడం నీకు చదువే.

ఇక ఆ గంటల్లో ఏం చదవాలన్నది. నీ మార్కులు చూస్తే దీనిమీదే నాకు ఎక్కువ చెప్పాలనిపించింది.

టెట్‌లో ఒక్కో భాగానికి 30 మార్కులు. లెక్కల్లో నీకు 24 వచ్చాయి, ఎంత చచ్చీచెడీ చదివినా ఇంకా ఆరే మిగిలాయి. ఇంగ్లిష్‌లో 18, సైకాలజీలో 16 బయటే ఉన్నాయి. నువ్వేమో మూడ్ కోసం రోజూ లెక్కలతో మొదలుపెడతావు, ఇంతలో ఎవరో పిలుస్తారు, ఆ పూట అయిపోతుంది. అంటే ఆరు టైంటేబుళ్ల కాలమూ నువ్వు చదివింది వచ్చిన సబ్జెక్టే. వచ్చినదాన్ని మళ్లీ చేస్తే హాయిగా ఉంటుంది, కాదనను. పూరీల పిండి కలపడం బాగా వచ్చని రోజూ పూరీలే వండినట్టు. నాలుగు నెలలు లెక్కల పుస్తకం అటక మీద పెట్టు. బడిలో రోజూ చెబుతున్నావు, ఎక్కడికీ పోదు.

డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ముందు టెట్ మీద పడు. బీసీ కాబట్టి 75 దాటితే పాసైపోయాను, 88 చాలు అనుకున్నావు. పాసవడానికి చాలు. ఉద్యోగానికి చాలదు. డీఎస్సీ మెరిట్‌లో 80 మార్కులు పరీక్షవి, 20 టెట్‌వి. 150లో నీ 88ని ఇరవైకి కుదిస్తే 11.73. ఇంగ్లిష్‌లో ఎనిమిది, సైకాలజీలో ఎనిమిది, ఈవీఎస్‌లో నాలుగు పెంచుకున్నావనుకో, 108 అవుతుంది. అది 14.40. తేడా 2.67. చిన్నగా కనిపిస్తోందా? ఎస్‌జీటీ పరీక్షలో 160 ప్రశ్నలు, ప్రశ్నకు అర మార్కు. 2.67 అంటే డీఎస్సీ హాల్లో అయిదు ప్రశ్నలకు మించి సరిగ్గా రాసినట్టు, అదీ హాల్లోకి అడుగుపెట్టకముందే. మెరిట్ జాబితాలో పాయింటు తర్వాతి అంకెల దగ్గర ఎంతమంది ఆగిపోతారో నీకు నేను చెప్పక్కర్లేదు. టెట్ ఒకసారి పాసైతే అర్హత జీవితాంతం ఉంటుంది. మార్కులు పెంచుకోవడానికి ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు, ఎక్కువ వచ్చినదే లెక్కలోకి వస్తుంది. పైగా సైకాలజీ, ఇంగ్లిష్ డీఎస్సీలోనూ ఉన్నాయి. ఒక గంట చదివితే రెండు చోట్ల జమ.

సైకాలజీలో 14 వచ్చిందంటే నువ్వు బట్టీ పడుతున్నావని అర్థం. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి పియాజే చెప్పిన దశలు వరసగా అప్పజెప్పగలవు కదా: ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ. పూర్వ ప్రచాలక దశ రెండు నుంచి ఏడేళ్లు. మీ పాపకి నాలుగు. రేపు అన్నాల వేళ ఒకేలాంటి వెడల్పు గ్లాసులు రెండు తీసుకుని రెండింట్లోనూ సమానంగా మజ్జిగ పొయ్యి. సమానమేనా అని అడుగు. అవునంటుంది. దాని కళ్లముందే ఒక గ్లాసులోది సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వంచు. ఇప్పుడు దేంట్లో ఎక్కువుందని అడిగితే పొడుగు గ్లాసు చూపిస్తుంది, నాకదే కావాలంటుంది. ఇప్పుడు బాబుని అడుగు. వాడికి ఏడు, గట్టుమీద ఉన్నాడు. "అవే కదమ్మా" అనొచ్చు, కాసేపు తటపటాయించనూ వచ్చు. పుస్తకంలో "పదిలపరచుకొనే భావన" (పాత్ర మారినా అందులోది మారదన్న ఎరుక) అని ఉండే పేరాకి అర్థం అంతా ఆ రెండు గ్లాసుల్లో ఉంది. ఒకసారి చూశావంటే ప్రశ్నను ఎటు తిప్పి అడిగినా తప్పు పెట్టవు. పిల్లలకు మజ్జిగ ఎటూ పొయ్యాల్సిందే.

అదే సిలబస్‌లో ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రం ఉంటుంది. 1885 నాటిది. అర్థం లేని అక్షరాల ముక్కలు తానే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలుచుకున్నాడు. ఒక్క రోజు గడిచేసరికి ఆయనకు మూడో వంతే మిగిలింది. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోయింది, ఆ తర్వాత జారడం నెమ్మదించింది. దీనిమీద ప్రశ్న వస్తే నువ్వు ఠక్కున జవాబు పెడతావు. మరి నీ చదువుకి ఎప్పుడైనా వాడావా? విరామ అభ్యసనం, అంటే విడతలు విడతలుగా చదవడం మంచిదని పరీక్షలో గుర్తు పెట్టి, ఇంటికొచ్చి ఆదివారం ఒకే ఊపులో ఎనిమిది గంటలు చదవబోతావు. మనం టీచర్లం ఇలాగే ఉంటాం. పిల్లలకు చెప్పింది మనకు పనికిరాదనుకుంటాం.

అందుకని డాబా మీద గంటన్నరలో గంటసేపు మాత్రమే కొత్తది చదువు. చివరి అరగంట పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయి. మొదట్లో నాలుగు ముక్కలకు మించి రావు. ఏడుపొస్తుంది. అయినా పుస్తకం తెరవకు, పెన్ను కొరుక్కుంటూ కూర్చో. ఆ కొరుక్కోవడంలోనే ముద్ర పడుతుంది. ఎర్రగీతలు కొట్టుకుంటూ అదే పేజీ మూడుసార్లు చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది, అంతే. మర్నాడు బస్సులో పుస్తకం లేకుండా, కిటికీలోంచి పొలాలు చూస్తూ, నిన్న రాసినది మనసులో మళ్లీ నడిపించుకో. రానిది చేతి మీద ఒక మాట రాసుకుని స్కూల్లో దిగాక చూసుకో.

ఎవరైనా పిలిచి లేవాల్సొస్తే ఎక్కడ ఆపావో ఒక్క ముక్క మార్జిన్‌లో రాసి లే. తిరిగొచ్చి "ఎక్కడున్నాను" అని వెతుక్కునే పది నిమిషాలు మిగులుతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ పదులే గంటలు.

ఆదివారం నాలుగు గంటల్లో మొదటి రెండున్నర గంటలు పాత టెట్ పేపరు ఒకటి, 150 ప్రశ్నలు, మధ్యలో లేవకుండా. మిగతా గంటన్నర తప్పులతో గడుపు. సరిగ్గా వచ్చినవి చూసుకుని మురవకు. ఒక నోటుబుక్కు తప్పులకే పెట్టు. జవాబు రాయడం కాదు, ఎందుకు తప్పు పెట్టావో ఒక వాక్యం రాయి: "ప్రశ్నలో 'కానిది' అన్న మాట చూడలేదు" లాంటిది. నాలుగు వారాలయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే తెలియక పోగొట్టుకున్నవెన్నో తొందరలో పోగొట్టుకున్నవెన్నో కనిపిస్తుంది. తొందర జబ్బుకి మందు వేరు, ఇంకో గైడు కొంటే తగ్గదు.

ఇంగ్లిష్‌కి కోచింగ్ వీడియోలు వెతక్కు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ అదే విషయం తెలుగులో ఉంటుంది. అయిదో తరగతి ఈవీఎస్ పుస్తకం ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. ఇంగ్లిష్ పేజీ చదివి, అర్థం కానిచోట పక్కకి చూడు. ఈవీఎస్ కూడా అందులోనే నడుస్తుంది. వ్యాకరణం రోజుకొక సంగతి చాలు. నీకు ఇంగ్లిష్ రాదని కాదు, పన్నెండు వచ్చినప్పటినుంచి ఆ పుస్తకం ముట్టుకోవడానికి భయపడుతున్నావు.

ఫోన్ గురించి పెద్దగా చెప్పను, నీకే తెలుసు. ఒక్కటి మాత్రం. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి పీడీఎఫ్‌లు దించుకోవడం చదువు కింద రాదు. నీ ఫోన్‌లో తెరవనివి రెండు వందలైనా ఉంటాయని పందెం. నోటిఫికేషన్ వస్తోందట, పోస్టులు ఇన్నట, సిలబస్ మారుతుందట అని ఆ గ్రూపుల్లో రోజుకొక పుకారు. ఆదివారం పేపరు రాసి ఇంటికొచ్చాక ఒక్కసారి చూడు. నిజంగా నోటిఫికేషన్ వస్తే నువ్వు చూడకపోయినా ఊరంతా ఫోన్ చేసి చెబుతుంది. డాబా మీదకి వెళ్లేటప్పుడు ఫోన్ మీ ఆయనకి ఇచ్చి వెళ్లు.

ఎదురుచూపు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగం తారీకు మన చేతిలో ఉండదు. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష 2025లోనే జరిగింది, 16,347 పోస్టులతో. మధ్యలో ఏడేళ్లు ఎంతమంది ఇవాళో రేపో అంటూ గడిపారో. 1998 డీఎస్సీలో అర్హత వచ్చినవాళ్లలో కొన్ని వేలమందికి 2023లో గానీ పోస్టింగులు రాలేదు, అదీ కాంట్రాక్టు పద్ధతిలో. అప్పటికి కొందరికి మనవలు పుట్టారు. భయపెట్టడానికి కాదు చెబుతున్నది. రోజుకు పద్నాలుగు గంటల లెక్కన ఎవరూ ఏడేళ్లు చదవలేరు. వారానికి పన్నెండు గంటలైతే చదువుతూనే పిల్లల్ని పెంచుకోవచ్చు, సినిమాకి వెళ్లొచ్చు, పుట్టింటికి పోయి రావొచ్చు. వయసూ నిన్నేం తరమడం లేదు. మొన్నటి డీఎస్సీలో పరిమితి 44 ఏళ్లు, బీసీలకు ఇంకో అయిదు. పుట్టింటి ప్రయాణాలు మాన్పించిన ఆ టైంటేబుల్‌ని మాత్రం ఇవాళే చించెయ్.

ఈ వారం చదవకు. నిజంగానే అంటున్నాను. ఏడు రోజులు ఒక చిన్న పుస్తకంలో ఏ గంట ఎటు పోయిందో రాయి, పాలవాడి పద్దు రాసినట్టు. ఆదివారం రాత్రి ఆయన భోంచేశాక దాన్ని ముందు పెట్టి మూడు సాయంత్రాలు అడుగు. ఒప్పుకున్నారో లేదో, పాప ఏ గ్లాసు కావాలందో నాకు రాయి.